నగిషీ చెక్కిన సంతూర్

చదునైన చెక్క కంటబడితే సోనావుల్లా నక్కాష్ ఊరుకోలేడు. పెళ్ళైన కొత్తల్లోనే మొఘ్లీకి ఈ సంగతి అనుభవంలోకి వచ్చింది. ఎండుమిరపకాయలు దంచుకునే రోకలి పిడి మీద ముచ్చటపడి గులాబీలు చెక్కి ఇచ్చాడు. కారం దంచడం అయ్యేసరికి ఆ గులాబీలు ఆమె అరచేతిలో ఎర్రగా అచ్చుపడ్డాయి. ఆకుకూర తరిగే పీట మీద ద్రాక్షతీగ పాకించాడు. ఆ తీగ సందుల్లో ఇరుక్కున్న కూర ఎంత గీకినా వచ్చేది కాదు. అన్నిటినీ మించింది పావుకోళ్ళ సంగతి. మంచు రోజుల్లో తొడుక్కునే చెక్క పావుకోళ్ళకి అడుగున చేపలు చెక్కాడు మహానుభావుడు. ఆ చలికాలమంతా మొఘ్లీ ఎవరింటికి వెళ్ళిందో, ఏ గుమ్మం ముందు ఎంతసేపు నిలబడి కబుర్లాడిందో మంచు మీద చేపలే చెప్పేసేవి. కోడలి రాకపోకలు ఆరా తీసే పని అత్తగారికి తప్పింది.

చెక్క కూడా బట్టల్లేకుండా నిలబడకూడదంటాడు మా ఆయన అని మొఘ్లీ ఇరుగుపొరుగు దగ్గర వాపోయేది. ఆ వాపోవడంలో విసుగు సగమైతే గర్వం సగం. ఎందుకుండదు? అక్రోటు చెక్క మీద చినార్ ఆకు చెక్కేవాళ్ళు సఫా కదల్ వంతెన చుట్టుపక్కల గుమ్మానికొకరు ఉన్నారు. ఆకు కింద గాలి ఆడేలా చెక్కగలిగినవాడు మాత్రం సోనావుల్లా ఒక్కడే. అతని ఆకు చెక్కకి అంటుకుని ఉండదు. కాడ దగ్గర మాత్రమే పట్టు ఉంచి, మిగతాదంతా ఇదిగో ఇప్పుడే రాలిపోతానన్నట్టు పైకి లేచి ఉంటుంది. కిందికి వేలికొన దూరుతుంది. నగిషీ యంత్రాలొచ్చాక మా మొహల్లా వీధుల్లో చాలామంది ఉలులు కింద పెట్టి దుకాణాల్లో కూర్చున్నారు. సోనావుల్లా పెట్టలేదు. యంత్రం ఆకుని చెక్కుతుంది గాని ఆకు కిందికి దూరలేదు కదా అనేవాడు.

వాళ్ళింటి అటక మీద ఒక అక్రోటు పలక ఉండేది. అతని తండ్రి తన వయసులో కోయించి, నీడపట్టున ఆరబెట్టి, పోయేముందు కొడుక్కి అప్పగించినది. ఈ రోజుల్లో అక్రోటు చెట్టు మీద గొడ్డలి వెయ్యాలంటే సవాలక్ష అనుమతులు. బజార్లో దొరికేదంతా నిన్నగాక మొన్న కోసిన పచ్చిచెక్క. దానితో ఏం చేసినా ఎండలు ముదిరేసరికి అప్పడంలా వంకర తిరుగుతుంది. అటువంటిది, తరం ఆరిన పలక అంటే బంగారమే. దాని మీద కన్నెయ్యని వ్యాపారి లేడు. దేనికోసం దాస్తున్నావు సోనా కాక్ అని అడిగితే, అదింకా నాకు చెప్పలేదు అనేవాడు, పలకకి నోరున్నట్టు.

రాలిన చినార్ ఆకుల్ని కాల్చి కాంగ్డీ కుంపట్లకి బొగ్గు చేసుకునే రోజుల్లో ఒకనాడు, రొట్టెల బట్టీ రజాక్ కూతురు ఉఫైరా ఒక సంతూర్‌ని దుప్పట్లో చుట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వాళ్ళ గుమ్మంలోకి వచ్చింది.

ఉఫైరా గురించి మా మొహల్లాలో అప్పటికే చాలా మాటలు నడిచాయి. సంతూర్ అంటే పెద్దవాళ్ళు చలికాలంలో ఒక గదిలో చేరి, కాంగ్డీలు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని పాడుకునే సూఫీ పాటల్లోది. ఆ పాడేవాళ్ళు ఒక్కొక్కరూ వెళ్ళిపోయారు. సంతూర్లు అటకలెక్కాయి. అడ్డంగా ఉన్న ఆ తీగల మీద వంకాయ ముక్కలు, టమాటా ముక్కలు ఎండబెట్టుకున్న ఇల్లాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ పేర్లెందుకు గాని. అలాంటి రోజుల్లో రజాక్ కూతురు కాలేజీకి పోతూ పోతూ ఒక ముసలి ఉస్తాద్ దగ్గర సంతూర్ నేర్చింది. నేర్చి ఊరుకుందా? గిటారు వాయించే కుర్రాణ్ణి, డప్పుల పెట్టె ముందు కూర్చునే ఇంకొకణ్ణి పక్కన పెట్టుకుని పాటలు కట్టింది. పుణ్యాత్ముల వాయిద్యాన్ని తీసుకెళ్ళి గిటారు పక్కన కూర్చోబెడతావా అని పెద్దలు నోళ్ళు నొక్కుకున్నారు. తర్వాత ఆ పాట ఫోన్లలోకి వచ్చింది. అదే పెద్దలు కళ్ళజోళ్ళు వెతుక్కుని మరీ చూశారు. ఇంకోసారి పెట్టవే అని మనవరాళ్ళని బతిమాలారు. ఏడాది తిరిగేసరికి అటకల మీది సంతూర్లన్నీ దిగాయి.

చిక్కల్లా ఏమిటంటే, ఉఫైరా వాయించేది తన సొంతం కాదు, ఉస్తాద్‌ది. ఆయన మనవడికి నేర్చుకునే వయసొచ్చింది. ఇంట్లోది ఇంటికి చేరాల్సిందే. వసంతం రాగానే బాదంవారీ తోటలో పూల పండగకి పాడమని ఆమెను పిలిచారు. అప్పటికి చేతిలో వాయిద్యం ఉండదు. ఏటి అవతల అహద్ జూ అని సంతూర్లు చేసే పెద్దాయన ఉన్నాడు. ఒకప్పుడు ఆయన కొట్టు మెట్లెక్కే నాథుడు లేక ఈగలు తోలుకునేవాడు. ఇప్పుడు కుర్రకారంతా బారులు తీరింది. ఉఫైరా వెళ్ళి అడిగితే, ఈ వసంతం కాదు, పై ఏడు బాదం పూసినప్పుడు కనపడు అన్నాడట.

"నువ్వు చేస్తావా కాకా?" అని అడిగింది ఉఫైరా.

"పెట్టెలడుగు, టీపాయిలడుగు. వాయిద్యం నాకేం తెలుసమ్మా?"

"ఇదీ పెట్టే కదా."

సోనావుల్లా ఆ సంతూర్‌ని ఒళ్ళోకి తీసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి దాని పాట విన్నవాడే గాని, దాన్ని తిరగేసి చూసింది లేదు. తీగల్ని లెక్కపెట్టబోయి మధ్యలో తప్పిపోయాడు. తీగల్ని వీపున మోస్తూ బారుగా నిలబడ్డ చిన్న చిన్న చెక్క గుర్రాల్ని, అంటే తీగల కింది దిమ్మల్ని, ఒక్కొక్కటీ తాకాడు. పలక మీదున్న చిల్లులోకి ఒక కన్ను మూసి చూశాడు. ఏమీ కనపడలేదు. టార్చి తెమ్మన్నాడు.

"లోపలేముంది?"

"ఏం లేదు కాకా."

"ఏం లేకపోవడమేంటి? తీగలు కిందికి ఎక్కడికి పోతున్నాయి?"

"ఎక్కడికీ పోవు. ఈ మేకు నుంచి ఆ మేకుకి, అంతే. లోపలంతా ఖాళీ."

ఇది అతనికి మింగుడుపడలేదు. ఉఫైరా కలాలు తీసింది. కలాలంటే రాసేవి కావు, తీగల మీద కొట్టే సన్నటి వంపుతిరిగిన కర్రలు. రెండు దెబ్బలు కొట్టింది. గది నిండిపోయింది. సోనావుల్లా చెవిని పెట్టె పక్కకి ఆనించి, ఇంకోసారి కొట్టమన్నాడు, మళ్ళీ ఇంకోసారి. వంటింట్లోంచి మొఘ్లీ కేకేసింది. "ఏమయ్యో, ఆ పిల్ల చాయ్ చల్లారిపోతోంది, పెట్టెలోంచి తల బయటికి తియ్యి."

మర్నాడు పొద్దున ఆయన అటకెక్కడం చూసి మొఘ్లీ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. తండ్రి ఇచ్చిన పలక భుజానికెత్తుకుని దిగాడు. ఎంతమంది వ్యాపారులు కాళ్ళావేళ్ళా పడ్డా దించనిది, రొట్టెలమ్మేవాడి కూతురు అడిగిందని దించుతావా అని ఆమె నిలదీసింది. దానికతను చెప్పిన జవాబుని మొఘ్లీ తర్వాత చాలాకాలం చెప్పుకుని నవ్వేది. ఖాళీ డబ్బాలోంచి అంత గొంతు ఎలా వస్తుందో చూడాలన్నాడట. ముప్పొద్దులా తిని, మనవలున్న మనిషి అనాల్సిన మాటేనా?

చలికాలమంతా ఆ పని మీదే కూర్చున్నాడు. ఉస్తాద్ సంతూర్‌ని ఒక మధ్యాహ్నం దగ్గర పెట్టుకుని దారంతో, జానలతో, వేళ్ళతో కొలుచుకున్నాడు. పొడవు, వెడల్పు, వాలు, మేకుల వరస, అన్నీ అచ్చుగుద్దినట్టు దించాడు. ఒక్కటే కొలవలేదు. పై పలక మందం. దాని అంచు చుట్టూ సన్నటి చెక్కపట్టీ ఉండి లోపలి మందం కనపడలేదు. అడగొచ్చు. అడగాలన్న ఊహే రాలేదు. మూతంటే మూత మందం ఉంటుంది, అంతే కదా. పైగా అతని ఆకు లేవాలంటే చెక్కలో లోతుండాలి. లోతు కోసం ఇంకాస్త మందం ఉంచాడు.

అవును మరి, చెక్కకుండా ఎలా ఉంటాడు? గుర్రాలు నిలబడే చోట్లు మాత్రం వదిలేసి, తక్కిన ముఖమంతా నగిషీ నింపాడు. ఆ మూల నుంచి ఈ మూలకి చినార్ కొమ్మ సాగింది. కొమ్మ చివర బాదం పూలు, పూల మధ్య ఒక బుల్బుల్ పిట్ట. నడిమధ్యన అరచేయంత ఆకు ఒకటి. తీగల కింద నుంచి తొంగిచూస్తూ గాలికి ఒక పక్క ఒరిగినట్టుంటుంది. ఉఫైరా చూడ్డానికొస్తే దుప్పటి కప్పేసేవాడు. పెళ్ళికూతుర్ని ముందే చూడకూడదనేవాడు. మిగతావాళ్ళకి మాత్రం మొఘ్లీ దొంగచాటుగా దుప్పటి కొస ఎత్తి చూపించేది. చూసినవాళ్ళందరూ ముక్కున వేలేసుకున్నారు. ఇంతకాలం ఆ పలక ఎందుకు దాచాడో ఇప్పుడర్థమైందన్నారు. ఆయన చేతి పనిలో దానికి మించింది లేదని పనివాళ్ళే ఒప్పుకున్నారు, ఒప్పుకోవడం పనివాళ్ళకి ఎంత కష్టమో తెలిసినదే కదా.

కప్పుల మీది మంచు జారి దబ్బుమని వీధుల్లో పడే రోజుల్లో తీగలు బిగించారు. ఆ పని ఉఫైరాయే కూర్చుని చేసింది. దుప్పటి తీసినప్పుడు ఆమె చేతిలోని తీగల చుట్ట పక్కన పెట్టేసింది. నగిషీ మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయింది. మొఘ్లీ సంబరం పట్టలేక మొహల్లా అంతటినీ పిలిచింది. సమావార్ నిండా ఉప్పు చాయ్, రజాక్ బట్టీ నుంచి వేడి రొట్టెలు, కూర్చోడానికి చాపలు చాలక మెట్ల మీద కూడా జనం.

ఉఫైరా కలం ఎత్తి కొట్టింది.

టక్ మంది.

సంతూర్ మీద కలం పడితే నీళ్ళలో రాయి వేసినట్టుండాలి, శబ్దం వలయాలు వలయాలుగా విచ్చుకుంటూ పోవాలి. ఇక్కడ రాయి పడింది గాని నీళ్ళు లేవు. ఆమె ఇంకో తీగ కొట్టింది, ఇంకొకటి కొట్టింది. బియ్యం పెట్టె మూత మీద గోటితో కొట్టినట్టు టక్కు టక్కు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చలికి బిగుసుకుపోయి ఉంటుందని ఒకావిడ తన ఫెరన్ అంగీలోంచి కాంగ్డీ తీసి పక్కన పెట్టింది. తీగలు వదులయ్యాయి గాని గొంతు రాలేదు. అంత అందం మీద దిష్టి పడకుండా ఉంటుందా అని ఇంకొకావిడ నిప్పుల మీద ఇస్‌బంద్ గింజలు చల్లింది. పొగకి గదిలో అందరూ దగ్గారు, సంతూర్ తప్ప.

"చాలా బాగుంది కాకా," అంది ఉఫైరా. మాట బాగానే వచ్చింది గాని తల ఎత్తలేదు. ఉస్తాద్ సంతూర్‌ని అంతకుముందు రోజే ఇంటికి పంపేసింది మరి.

జనం రొట్టెలు సగంలో వదిలేసి లేచారు. సోనావుల్లా మాత్రం కదల్లేదు. సిగ్గుపడ్డాడా అంటే పడ్డాడు. అయితే సిగ్గు కంటే పెద్దదేదో అతన్ని పట్టుకుంది. అదే కొలత, అదే వాలు, అవే తీగలు, లోపల అదే ఖాళీ. మరి ఆ ఖాళీ పాడి, ఈ ఖాళీ ఎందుకు మూగబోయింది?

మొఘ్లీ వెళ్ళి అహద్ జూని పిలుచుకొచ్చింది. పనిమీద కూర్చుంటే పిలిచినా పలకని మనిషిని ఏం చెప్పి తీసుకొచ్చిందో గాని, వంతెన దాటి వచ్చాడు. ఫెరన్ కింద కాంగ్డీతో పొట్ట ముందుకు పొడుచుకొచ్చి, నెలలు నిండిన ఇల్లాలిలా మెల్లగా మెట్లెక్కాడు. కూర్చున్నాడు. సంతూర్‌ని చూశాడు. మీటను కూడా లేదు.

"తలుపు దివ్యంగా ఉంది సోనా. ఇంటికెప్పుడు బిగిస్తున్నావు?"

ముసలాయన గోటితో పలక అంచున ఒక దెబ్బ కొట్టి చెవి వంచాడు. "ఇది ఊపిరి పీల్చుకోవాలయ్యా. పైన పలక ఆడాలి. నువ్వేమో దానికి రెండు పరుపులు కప్పి, మీదెక్కి కూర్చున్నావు. ఎలా ఆడుద్ది?"

వెనకనుంచి పల్చన చెయ్యొచ్చు కదా అని సోనావుల్లా అడిగాడు. ఆకుల కింద ఉలి ఎంత లోతుకి దిగిందో నీకు తెలియదా అన్నాడు అహద్ జూ. వెనకనుంచి తోడుకుంటూ వస్తే లోతున్న చోటల్లా చిల్లులు పడతాయి, సంతూర్ బదులు జల్లెడవుతుంది. వేరే చెక్కతో కొత్త పలక వెయ్యొచ్చు గాని, ఇంత ఆరిన చెక్క ఎవరి దగ్గరుంది? తన దగ్గరున్న నాలుగు చెక్కలకీ పేర్లు పడిపోయాయి.

"మరి?"

అహద్ జూ నడిమధ్యనున్న పెద్ద ఆకు అంచు మీద బొటనవేలు పెట్టి, కాడ దాకా మెల్లగా నిమిరాడు. ఎంతసేపు నిమిరాడో. పొగడ్తంటే ఆయన దగ్గర అంతే. తర్వాత వేలు తీసేసి, చిత్రిక నీ దగ్గరే ఉందిగా అని లేచి వెళ్ళిపోయాడు.

చిత్రిక పట్టడమంటే ఆకుల్నీ పూలనీ పిట్టనీ బోడిగా గీసి పారెయ్యడం. మొఘ్లీకి కన్నీళ్ళాగలేదు. చలికాలమంతా కాంగ్డీ మీదికి వంగి నడుం పట్టేసిన మనిషి చేతి పని. మళ్ళీ చెయ్యాలన్నా చెక్క లేదు, వయసూ లేదు. ఇంతలో ఈ కబురు దాల్ సరస్సు దాకా పోయింది. హౌస్‌బోట్లున్న లస్సా గూరూ వెతుక్కుంటూ వచ్చాడు. దుప్పటి తీసి చూసి, మోగకపోతే పీడాపోయె, నాకిచ్చెయ్ సోనా కాక్ అన్నాడు. పై పలక ఊడదీసి తన కొత్త పడవలో కూర్చునే గదిలో, నడి గోడకి వేలాడదీస్తానన్నాడు. పైనుంచి దీపం వేస్తానన్నాడు. దేశదేశాల వాళ్ళు వచ్చి చూస్తారు, కింద నీ పేరు రాయిస్తా అన్నాడు.

మొఘ్లీకి ఇది దేవుడు చూపించిన దారిలా తోచింది. ఇచ్చెయ్యమని పోరింది. మూగదైనా ముద్దుగా నలుగురి కళ్ళల్లో ఉంటుంది కదా అంది. ఉఫైరా కూడా వచ్చి అదే మాట చెప్పింది. నా కోసం అంత పని పాడుచెయ్యొద్దు కాకా, నేనింకో ఏడాది ఆగుతా, ఈ పండగ కాకపోతే వచ్చే పండగ అంది. ఆ మాటలంటున్నప్పుడు ఆమె వేళ్ళు ఒళ్ళో ఉత్తగాలి మీదే దరువేస్తున్నాయి. సరే చూద్దాం అన్నాడు సోనావుల్లా. లస్సా గూరూ శుక్రవారం నమాజు అయ్యాక పడవ తెస్తానని చెప్పి వెళ్ళాడు.

ఇక అప్పటినుంచీ మా మొహల్లావాళ్ళు ఆయనతో వేగలేకపోయారు. కనపడ్డ ప్రతి చెక్కనీ వంచిన వేలితో కొట్టడం, చెవి పెట్టడం. తలుపులు కొడితే ఎవరో వచ్చారనుకుని ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి తీసేవాళ్ళు. ఎదురుగా సోనావుల్లా చెవిని గడపకి ఆనించి నిలబడి ఉండేవాడు. రజాక్ బట్టీలో రొట్టెల పలక కొట్టాడు, పడవల కడుపులు కొట్టాడు, మసీదు మెట్ల పక్కనున్న జోళ్ళ అలమర కొట్టి ఇమాంగారి చేత చీవాట్లు తిన్నాడు. మందంగా ఉన్నవి గుటకలు మింగినట్టు పలుకుతున్నాయి, పల్చనివి విడమరిచి చెబుతున్నాయి. పల్చనివన్నీ కూడా ఒక్కలా చెప్పడం లేదు. ఎందుకు?

ఆ ఎందుకు పట్టుకుని అహద్ జూ కొట్టుకి వెళ్ళాడు. ముసలాయన పని ఆపకుండానే విన్నాడు. నాన్న ఇచ్చిన పలకని పల్చన చేస్తే ఎలా పలుకుతుందో ముందే చెప్పగలవా అని అడిగాడు సోనావుల్లా.

"ఎవరు చెప్తారు?" అన్నాడు అహద్ జూ. "పెళ్ళికూతురు పాడుద్దో పోట్లాడుద్దో ఇంటికి తెచ్చుకున్నోడికే తెలిసేది. ఒక్కో చెక్క తేనె, ఒక్కో చెక్క కాకి. నీది ఏదో కొయ్యందే నాకూ తెలీదు, నీకూ తెలీదు. మీ నాన్నకీ తెలీదు."

అంతే. వేరే ఏం చెప్పినా సోనావుల్లా ఆగేవాడేమో. ఎవరికీ తెలియదన్న మాట మాత్రం అతని నెత్తిన ఎక్కి కూర్చుంది. ఇంత ఈడొచ్చేదాకా ఇంట్లో అటక మీద పెట్టుకున్న పలక కడుపులో ఏ గొంతుందో తెలియకుండా గోడకి వేలాడదీసి, దీపం వేసి, కింద పేరు రాయించుకోవడమా?

శుక్రవారం లస్సా గూరూ పడవ దిగి, పలక చుట్టడానికి మెత్తటి గుడ్డ పట్టుకుని మెట్లెక్కి వచ్చేసరికి, తీగలూ గుర్రాలూ ఒక గంపలో పడి ఉన్నాయి. సోనావుల్లా చిత్రిక పట్టుకుని కూర్చున్నాడు. ఉఫైరా అడ్డం వెళ్ళి అతని మోచెయ్యి పట్టుకుంది.

"వద్దు కాకా. నా కోసం వద్దు."

"నీ కోసం కాదమ్మా," అన్నాడు. అబద్ధం ఆడుతున్నట్టు లేదు మొహం. "నాకు తెలియాలి."

మొదట పిట్ట పోయింది. ఉలి పట్టే చేతికి చిత్రిక పట్టడం ఎంతసేపు? సర్రుమని లాగితే చుట్టలు చుట్టలుగా పొట్టు లేచింది. ఒక్కో చుట్టలో సగం పువ్వు, ఆకు ఈనె, రెక్క ముక్క. లస్సా గూరూ చూడలేక గుడ్డ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మొఘ్లీ గోడ వైపు తిరిగి కూర్చుంది. కాసేపటికి ఆమే లేచి, ఆ పొట్టంతా చేటలోకి ఎత్తుకుపోయి సమావార్ నడుమనున్న నిప్పుల గొట్టంలో కూరింది. ఆ పూట మా చాయ్ కాగింది చినార్ ఆకుల నగిషీ మీద. రుచిలో తేడా ఏమీ లేదు.

కబురందుకుని అహద్ జూ మళ్ళీ వచ్చాడు. పిలిస్తే రాలేదు, తనంతట తనే వచ్చాడు. పక్కన కూర్చుని బొటనవేళ్ళతో పలకని నొక్కుతూ, గోటితో కొడుతూ, ఇంకా, ఇంకా, అక్కడ ఇంకాస్త, అంటూ పోయాడు. గుర్రాల పాదాలు పెట్టే చోట్లూ, ఆకులున్న చోట్లూ అన్నీ ఒకటైపోయాయి. ఉన్నట్టుండి చెయ్యి పట్టుకుని, ఇక ఆపు, ఇంకా దిగితే మొత్తం చస్తుంది అన్నాడు. నడిమధ్యన పెద్ద ఆకు కింద ఉలి మరీ లోతుకి దిగిన చోట ఒక గుంట మాత్రం మిగిలిపోయింది, పిండి మీద బొటనవేలు నొక్కినట్టు. చుట్టూ నున్నటి బోడి చెక్క. సోనావుల్లా చేసినదంటే ఎవరూ నమ్మరు.

తీగలు బిగించిన రోజున మొఘ్లీ ఎవర్నీ పిలవలేదు. ఉప్పు అరువడగడానికి ఒకావిడ, జల్లెడ తిరిగిచ్చెయ్యడానికి ఒకావిడ, కోడి ఇటొచ్చిందా అని ఒకావిడ, ఇలా తలో పనీ చూసుకుని మొహల్లా అంతా వచ్చి మెట్ల మీద నిలబడింది. అహద్ జూ ఒక్కో మేకూ తిప్పి శ్రుతి చేశాడు. సోనావుల్లా ఎదురుగా కూర్చోలేదు. పెట్టె పక్కకి చేరి, అరచెయ్యి దాని కిందికి పోనిచ్చి అలా ఉంచాడు.

ఉఫైరా కొట్టింది.

ఈసారి నీళ్ళున్నాయి. కొట్టిన దెబ్బ విచ్చుకుంటూ మెట్లు దిగి పోయింది. తేనె అనడానికి లేదు, కాకి అనడానికీ లేదు. కాస్త చేదు కలిసిన గొంతు, మా అక్రోటు పచ్చిపప్పు పైపొర ఒలవకుండా తిన్నట్టు. సోనావుల్లా అరచెయ్యి తియ్యకుండా నోరు తెరుచుకుని వింటున్నాడు, ఏటిలో చేప తగిలిన పిల్లాడిలా. ఉఫైరా కింది తీగల నుంచి పైకి ఒక్కొక్కటే కొట్టుకుంటూ వచ్చింది. అన్నీ పలికాయి. మధ్యలో ఒక్కచోట మాత్రం గొంతు బొంగురుపోయింది, జలుబు చేసినవాడు పాడినట్టు. ఆమె ఆగి మళ్ళీ కొట్టింది. మళ్ళీ అంతే.

"నీ ఆకు అక్కడుందిగా," అన్నాడు అహద్ జూ గుంట వైపు చూపిస్తూ. "ఆ చోట చెక్క మరీ పల్చనైంది. చిల్లులోంచి పుల్ల దూర్చి లోపల ఒక ముక్క జిగురుతో అతికితే సర్దుకుంటుంది. ఒక పూట పని."

ఉఫైరా సోనావుల్లా వైపు చూసింది. వాయిద్యం ఆమెది, తోటలో నలుగురి ముందు కూర్చునేదీ ఆమే. ఏమంటాడోనని మెట్ల మీదివాళ్ళు మెడలు సాచారు. అతను కలం ఇలా ఇమ్మని తీసుకుని, జీవితంలో మొదటిసారి సంతూర్ మీద తన చేత్తో కొట్టాడు, ఆ ఒక్క తీగనే. తల ఒక పక్కకి వంచాడు. పక్కనున్న తీగని కొట్టాడు. మళ్ళీ దీన్ని.

అప్పుడు వంటింటి గుమ్మంలోంచి మొఘ్లీ, చేతిలో గరిటెతో, ఇవతలికి వచ్చింది.

"ఆ బొంగురుదాన్ని ఇంకోసారి కొట్టు," అంది. "మిగతావన్నీ పాడుతున్నాయి. అదొక్కటే ఏదో చెప్తోంది. ఏం చెప్తోందో విననీ."

ఉఫైరా నవ్వి, అతని చేతిలోంచి కలం తీసుకుని ఆ తీగ దగ్గరే పాట మొదలెట్టింది. జిగురు సంగతి ఆ పూట ఎవరూ ఎత్తలేదు.